గ్రాండ్ స్ట్రాటజీ గేముల్లో చరిత్ర ఎంతవరకు నిజం? మీకు ఏది సరిపోతుంది?

గ్రాండ్ స్ట్రాటజీ గేముల్లో, అంటే ఒక దేశాన్నో వంశాన్నో ఏళ్ల తరబడి నడిపే కంప్యూటర్ గేముల్లో, అన్నిటికంటే రియలిస్టిక్‌గా ఉండేది ఏది అని అడిగితే ఒక్క పేరు చెప్పడం కుదరదు. ప్రతి గేమూ చరిత్రలో కొన్నిటిని లెక్కలోకి తీసుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది. లెక్కలోకి తీసుకున్న చోట నమ్మేలా నడుస్తుంది, వదిలేసిన చోట చరిత్ర ఎప్పుడూ పోని దారుల్లో పోతుంది. క్రూసేడర్ కింగ్స్ 3 మనుషుల్ని, పెళ్లిళ్లని, వారసుల్ని లెక్కిస్తుంది. యూరోపా యూనివర్సాలిస్ రాజ్యాల్ని లెక్కిస్తుంది. విక్టోరియా 3 జనం ఏం పని చేస్తున్నారు, ఏం కొంటున్నారు అని చూస్తుంది. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 ఫ్యాక్టరీల్ని, రైఫిళ్లని, ఇంధనాన్ని చూస్తుంది. కాబట్టి చరిత్రలో ఏ సంగతి మీకు సరిగ్గా కనపడాలో ముందు తేల్చుకుంటే, డబ్బు దేని మీద పెట్టాలో సగం తేలినట్టే.

తెలుగువాళ్లకి ఇందులో ఒక వీలుంది. పైన చెప్పిన గేములన్నీ పారడాక్స్ అనే స్వీడన్ కంపెనీవి, వాటన్నిటి పటాల్లోనూ మన నేల ఉంది. పారిస్ గురించో కాన్‌స్టాంటినోపుల్ గురించో గేము చెప్పింది నమ్మాల్సిన పని లేకుండా, ఓరుగల్లు, వేంగి, హంపి, మచిలీపట్నం దగ్గర దాన్ని మనకి తెలిసిన చరిత్రతో సరిచూడొచ్చు. ఇక్కడ తప్పే గేము మరో మూల కూడా తప్పుతుంది, చాలాసార్లు అదే కారణంతో. కింద ఒక్కో గేమునీ ఈ కొలతతోనే చూశాం.

యూరోపా యూనివర్సాలిస్ 4

2013లో వచ్చిన గేము. 1444 నవంబర్ 11న మొదలై 1821 దాకా నడుస్తుంది. మొదలయ్యే నాటికి చరిత్రలో విజయనగరాన్ని రెండో దేవరాయలు ఏలుతున్నాడు, బీదరులో బహమనీలు ఉన్నారు, కటకంలో కపిలేంద్ర గజపతి బలపడుతున్నాడు. తొలిరోజు పటం ఈ బొమ్మకి దగ్గరగానే ఉంటుంది. చిక్కంతా గడియారం కదిలాక వస్తుంది.

ఈ గేముకి ఇరుసు మూడు రకాల పాయింట్లు: పరిపాలన, దౌత్యం, సైన్యం. నెలకి ఒక్కో రకంలో 3 ఊరికే వస్తాయి. రాజు ప్రతిభని బట్టి 0 నుంచి 6 కలుస్తాయి, సలహాదారు స్థాయిని బట్టి ఇంకొన్ని కలుస్తాయి. గెలిచిన ప్రాంతాన్ని రాజ్యంలో కలుపుకోవడానికి ఒక్కో డెవలప్‌మెంట్‌కి (ప్రాంతం ఎంత ఎదిగిందో చెప్పే అంకె) 10 పరిపాలన పాయింట్లు కావాలి. కొత్త టెక్నాలజీ స్థాయికి మూల ధర 600. స్థిరత్వం పెంచాలన్నా ఇదే ఖాతాలోంచి తీయాలి. అంటే కృష్ణదేవరాయలు రాయచూరు గెలిస్తే, ఆ గెలుపు వల్లే అతని పాలనా విద్య వెనకబడుతుంది. చరిత్రలో అలా జరగలేదు. గెలిచిన సీమని అమరనాయకులకి అప్పగించి, వాళ్ల చేత సైన్యాన్ని పోషింపజేశారు. గెలిచిన రోజున ఖజానాకి భారం పడలేదు. అసలు మూల్యం 1565లో తళ్లికోట తరవాత, ఆ నాయకులే తంజావూరులో, మదురలో, జింజిలో ఎవరికి వాళ్లు స్వతంత్రులయ్యాక తేలింది. గేము వసూలు చేసే ధరా తప్పే, వసూలు చేసే రోజూ తప్పే. నా ఉద్దేశంలో ఈ గేములో ఉన్న అతి పెద్ద లోపం ఇదే, ఎందుకంటే మిగతా యంత్రాంగమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రెండో లోపం వాణిజ్యం. పటం మీద వాణిజ్య కేంద్రాల్ని బాణాలతో కలిపారు. ఆ బాణాల దిశ ఎప్పటికీ మారదు. చివరికి అన్నీ వెనిస్, జెనోవా, ఇంగ్లిష్ ఛానెల్ అనే మూడు చోట్లకే చేరతాయి. మచిలీపట్నంలో జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. డచ్చివాళ్లు 1600ల మొదట్లో, ఇంగ్లిషువాళ్లు 1611లో అక్కడ ఫ్యాక్టరీలు, అంటే వర్తక స్థావరాలు, పెట్టారు. మన బట్టలకి బదులుగా అమ్మడానికి వాళ్ల దగ్గర సరిపడా సరుకు లేక, ఓడల్లో వెండి తెచ్చి పోశారు. ఆ కాలంలో సంపద తూర్పుకి ప్రవహించింది. గేములో మీరు గోల్కొండ సుల్తానుగా కోరమాండల్ తీరమంతా పట్టుకున్నా బాణాన్ని వెనక్కి తిప్పలేరు, పడమటికి పోయేలోపు ఆపుకోగలరంతే. అందుకే ఇక్కడ ఆడేటప్పుడు ప్రధాన వాణిజ్య నగరాన్ని కోరమాండల్‌లో పెట్టుకుని అక్కడే వసూలు చేయాలి. మిగతా వర్తకుల్ని ఎగువ కేంద్రాల్లో కూర్చోబెట్టి సరుకుని ఇటు మళ్లించాలి. ప్రధాన నగరం లేని కేంద్రంలో వసూలుకి దిగితే అక్కడ మీ వాణిజ్య బలం సగానికి పడిపోతుంది. కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

సైన్యం సంగతీ అంతే. ఒక అశ్విక దళానికి మూల ధర ఎప్పుడూ 25 డకెట్లు (గేములోని నాణేలు). విజయనగరానికి గుర్రాలు అరేబియా, హోర్ముజ్ వైపు నుంచి సముద్రం మీద రావాల్సి వచ్చేది. 1510లో గోవా పోర్చుగీసు చేతికి పోయాక ఆ వ్యాపారం ఎవరి చేతిలో ఉందన్నదే దక్కను రాజకీయాల్లో పెద్ద ప్రశ్న అయింది. గేములో గోవా ఎవరిదైనా మీ గుర్రాలకి లోటు రాదు.

టెక్నాలజీ విషయంలో ఈ గేము కాలంతో పాటు కొంత మెరుగుపడింది. 2016 దాకా దేశాల్ని గుంపులుగా విడగొట్టి, యూరప్ గుంపుకి చవగ్గా, మిగతావాళ్లకి ఖరీదుగా టెక్నాలజీ ఇచ్చేవారు. ఆ తరవాత ఇన్‌స్టిట్యూషన్లు వచ్చాయి. రినైసాన్స్ 1450 ప్రాంతంలో ఇటలీలో పుట్టి మెల్లగా పాకుతుంది, అది మీ దాకా వచ్చేలోపు టెక్నాలజీ ధర పెరుగుతూ పోతుంది. దాన్ని తప్పించుకోవడానికి అనుభవమున్న ఆటగాళ్లు ఒకే ప్రాంతంలో వందల పాయింట్లు గుమ్మరించి డెవలప్‌మెంట్ పెంచి, రినైసాన్స్‌ని హంపిలోనే పుట్టిస్తారు. గెలవడానికి అది మంచి ఎత్తు. చరిత్ర కోసం ఆడేవాళ్లు మాత్రం ఆ పని చేయకుండా ఉంటేనే మేలు.

ఇన్ని లోపాలున్నా దీన్ని ఎంచుకోవడానికి గట్టి కారణాలున్నాయి. పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది, ఏళ్ల తరబడి దిద్దిన గేము కాబట్టి తప్పులు తక్కువ, 2018 నాటి ధర్మ డీఎల్‌సీ (విడిగా కొనే అదనపు భాగం) ఉంటే భారత ఉపఖండంలో చేయడానికి పని ఎక్కువ. లోపలి యంత్రాంగమే మార్చాలనుకుంటే మేయూ అండ్ టాక్సెస్ అనే మాడ్ (అభిమానులు చేసిన మార్పుల ప్యాక్) 1356లో మొదలై, జనాభాని, పాలనని ఎంతో వివరంగా లెక్కిస్తుంది. దానికి మంచి ప్రాసెసర్, చాలా ఓపిక రెండూ కావాలి.

యూరోపా యూనివర్సాలిస్ 5

2025 నవంబర్ 4న విడుదలైంది. మొదలయ్యేది 1337 ఏప్రిల్ 1న. తెలుగు దేశానికి ఇంతకంటే ఆసక్తికరమైన తేదీ దొరకడం కష్టం. కాకతీయ రాజ్యం 1323లో కూలింది. ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లుని తిరిగి పట్టుకుని ఎంతో కాలం కాలేదు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి నిలదొక్కుకుంటున్నాడు. తుంగభద్ర ఒడ్డున హరిహర బుక్కలు 1336 ప్రాంతంలో మొదలుపెట్టారు. గేము తెరవగానే ఈ మూడు చోట్లా ఎవరున్నారో, ఏ ఊరు ఎవరి కింద ఉందో చూడండి. గేము తయారుచేసినవాళ్లు ఇక్కడ ఎంత శ్రద్ధ పెట్టారో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇందులో పాత మూడు రకాల పాయింట్లు లేవు. ప్రతి ప్రాంతంలోనూ ప్రభువులు, పురోహిత వర్గం, పట్టణ వర్తకులు, కూలీలు, రైతులు అని నిజమైన జనసంఖ్య ఉంటుంది. యుద్ధానికి పిలిచిన సైనికులు ఆ జనంలోంచే వస్తారు, చనిపోతే ఆ ఊరి జనాభా తగ్గుతుంది. గుర్రం కూడా ఒక సరుకే. మార్కెట్లో లేకపోతే అశ్విక దళం కట్టడం కష్టం.

అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది కంట్రోల్ అనే లెక్క. రాజధాని నుంచి దూరం పెరిగేకొద్దీ ప్రాంతం మీద మీ పట్టు తగ్గుతుంది, పన్నూ దానితో పాటే తగ్గుతుంది. రోడ్లు, నదులు, రేవులు ఉంటే ఆ దూరం కొంత కలిసొస్తుంది. హంపి నుంచి కొండలు దాటి తీరానికి పోతే పటం మీద రంగు మీదే కానీ ఆదాయం అంతంత మాత్రం. ఇలాంటి చోట ఆటగాడు తనంతట తానే ఆ సీమని ఒక సామంతుడికి అప్పగించి, ఏటా కప్పం తీసుకోవడం మేలని గ్రహిస్తాడు. సీమల్ని నాయకులకి అప్పగించే నాయంకర పద్ధతి ఎందుకు పుట్టిందో చెప్పడానికి పేజీలు రాయక్కర్లేకుండా గేమే అర్థమయ్యేలా చేస్తుంది. పాత గేములో ఇది ఎన్ని గంటలు ఆడినా దొరకదు.

లోటుపాట్లు లేకపోలేదు. ప్రపంచం మొత్తానికి యుగాల పేర్లు యూరప్ నుంచే తెచ్చారు: సంప్రదాయాల తరవాత రినైసాన్స్, ఆపైన అన్వేషణలు, రిఫర్మేషన్, నిరంకుశత్వం, విప్లవాలు. దక్కనులో రిఫర్మేషన్ యుగం అనే మాటకి అర్థం లేదు, అయినా పురోగతి చెట్టు ఆ గుమ్మాల మీదుగానే పోతుంది. ఇక సమాచారం విపరీతం. మొదటిసారి ఆడేటప్పుడు వాణిజ్యాన్ని ఆటోమేషన్‌కి వదిలేసి, పన్నులు, రోడ్లు, సామంతులు అనే మూడిటినే మీ చేతిలో ఉంచుకోండి. ఆ మూడూ అర్థమయ్యాక ఒక్కొక్కటిగా ఆటోమేషన్ తీసేయండి. అన్నీ ఒకేసారి చేతిలోకి తీసుకుంటే ఖజానా ఎందుకు ఖాళీ అయిందో తెలుసుకునే దారి ఉండదు. 16 జీబీ కంటే తక్కువ ర్యామ్ ఉంటే ఈ గేము జోలికి పోవద్దు, 32 ఉంటే హాయి. కొత్త గేము కాబట్టి ప్యాచ్ వచ్చినప్పుడల్లా లెక్కలు మారతాయి. ఆరు నెలల కిందటి గైడ్ చూసి ఆడితే దెబ్బతింటారు.

క్రూసేడర్ కింగ్స్ 3

ఇందులో మీరు నడిపేది ఒక వంశాన్ని, దేశాన్ని కాదు. 867లో, 1066లో, 2024లో రోడ్స్ టు పవర్ డీఎల్‌సీతో కలిసిన 1178లో మొదలుపెట్టొచ్చు. మనకి మూడు తేదీలూ పనికొచ్చేవే. 867 గుణగ విజయాదిత్యుడి కాలం. 1066 నాటికి రాజరాజ నరేంద్రుడు పోయి అయిదేళ్లయింది, వేంగి సింహాసనం కోసం తగువు నడుస్తోంది. 1178లో ఓరుగంటిలో కాకతీయ రుద్రదేవుడున్నాడు.

ఈ గేము బలాన్నీ, బలహీనతనీ ఒకే ఉదాహరణలో చూడొచ్చు. రాజరాజ నరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని పెళ్లాడాడు. వాళ్ల కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి మొదటి కులోత్తుంగ చోళుడయ్యాడు. పెళ్లి ఒక సామ్రాజ్యాన్ని చేతులు మార్చడం, తల్లి వైపు హక్కు, బాబాయి విజయాదిత్యుడితో తగువు, ఇవన్నీ క్రూసేడర్ కింగ్స్ చక్కగా చూపిస్తుంది. ఇంకే గేమూ దీని దరిదాపుల్లోకి రాదు. అయితే గేము లెక్కలో ఆ పిల్లవాడు మామూలు పెళ్లిలో పుట్టాడు కాబట్టి ఎప్పటికీ చాళుక్యుడే. మీరు చోళుడిగా ఆడుతూ, మీ వంశంలో ఎవరూ మిగలక సింహాసనం అతనికి పోతే ఆట ముగుస్తుంది. చరిత్రలో మాత్రం అతను చోళుడిగానే పట్టం కట్టుకున్నాడు, చోళ వంశం పేరుతోనే శాసనాలు వేయించాడు, చోళ రాజ్యం ఇంకో రెండు వందల ఏళ్లు సాగింది. వంశం అనేది రక్తంతో పాటు ఒప్పుకోలు మీద కూడా నిలుస్తుందన్న సంగతి గేము యంత్రాంగానికి తెలీదు.

రుద్రమదేవి విషయంలో మాత్రం గేముకి మంచి మార్కులే వేయాలి. కొడుకులు లేని గణపతిదేవుడి కూతురికి రాజ్యం దక్కడం, ఆడదన్న కారణంతో సామంతులు గుర్రుగా ఉండటం, చివరికి కాయస్థ అంబదేవుడిలా ఒకడు ఎదురుతిరగడం, ఈ క్రమమంతా 1178 నుంచి ఆడితే దానంతటదే రావచ్చు.

వారసత్వంలో గేము చాలా రాజ్యాలకి ఒకే మెట్లు పెట్టింది. మొదట కొడుకులందరికీ వాటాలు, టెక్నాలజీ పెరిగేకొద్దీ పెద్ద కొడుక్కి ఎక్కువ వాటా, మొత్తం రాజ్యం ఒక్కడికే దక్కాలంటే 1200 తరవాతి దశలో వచ్చే ఆవిష్కరణ కావాలి. అందుకే కొత్తవాళ్లకి తండ్రి చనిపోగానే రాజ్యం ముక్కలవుతుంది. దీనికి విరుగుడు: బతికుండగానే చిన్న కొడుకులకి గెలిచిన కొత్త సీమలు ఇచ్చేయండి, రెండు రాజ బిరుదులు ఒకేసారి చేతిలో ఉంచుకోకండి, రాజధాని ఉన్న డచీలోని (కొన్ని కౌంటీలు కలిసిన సీమ) కౌంటీలన్నీ పెద్దవాడికే పోయేలా చూసుకోండి.

ఇక అసలే లేనివి రెండు. ఒకటి వాణిజ్యం. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించి, ఓడలు మునిగినా వర్తకుల సరుకు దోచుకోబోమని, ఇంత సుంకమే తీసుకుంటామని మాటిచ్చాడు. సరుకులు, సుంకాలు అనే లెక్కే లేని ఈ గేములో ఆ శాసనానికి చోటు లేదు. రెండోది అగ్రహారం, దేవాలయ మాన్యం. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకి నందంపూడిని అగ్రహారంగా ఇచ్చినట్టు, ఒక ఊరిని పన్ను లేకుండా రాసిచ్చి బదులుగా పేరు ప్రతిష్ఠలు, పండితుల అండ సంపాదించడం దక్షిణాది రాజుల రోజువారీ రాజకీయం. గేము మన రాజుల్ని యూరప్ ఫ్యూడల్ ప్రభువుల చట్రంలోనే కూర్చోబెట్టి, సామంతుడు ఇంత పన్ను ఇంత సైన్యం ఇస్తాడన్న ఒప్పందంతో సరిపెట్టింది.

డబ్బు పెట్టేముందు రుచి చూడాలనుకుంటే పాత క్రూసేడర్ కింగ్స్ 2 మూల గేము 2019 నుంచి స్టీమ్‌లో ఉచితం. అయితే అందులో భారతదేశంలో ఆడాలంటే రాజాస్ ఆఫ్ ఇండియా డీఎల్‌సీ విడిగా కొనాలి. మూడో భాగంలో మన సీమ మూల గేములోనే ఉంది.

విక్టోరియా 3

1836 నుంచి 1936 దాకా. ఆర్థిక చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఇంకేదీ వెతకక్కర్లేదు. ప్రతి రాష్ట్రంలో జనం వృత్తి, సంస్కృతి, మతాలుగా విడిపోయి ఉంటారు. కూలి డబ్బు ఎంతొచ్చిందో, దాంతో తిండి, బట్ట, ఫర్నిచర్ ఎంత కొన్నారో గేము లెక్కకడుతుంది. ధర పెరిగితే బతుకు దిగజారుతుంది, దిగజారితే రాజకీయం మారుతుంది. ఎనిమిది ప్రయోజన వర్గాలు చట్టాల కోసం కొట్లాడుకుంటాయి. భూస్వాములకి బలం ఉన్నంతకాలం భూసంస్కరణ ఎందుకు ముందుకి పోదో ఇందులో కళ్లకి కడుతుంది.

లోపం ఎక్కడంటే, చట్టం దేశం మొత్తానికి ఒకటే. ఈస్టిండియా కంపెనీ కింద ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి జమీందారీ శాశ్వత శిస్తు నడిచింది. దత్త మండలాల్లో మన్రో రైత్వారీ పెట్టాడు.  పక్కపక్క జిల్లాల్లో రైతు బతుకుని అంత వేరుచేసిన ఈ తేడా గేములో కనపడదు. అలాగే ఒక పెద్ద రాష్ట్రం లోపల అంతా సగటే. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయ్యాక గోదావరి డెల్టా పచ్చబడింది, అదే మద్రాసు ప్రెసిడెన్సీలో రాయలసీమ 1876–78 కరువులో మాడిపోయింది. మొదట్లో గేములో వాన, పంట అనే లెక్కే లేదు. 2024 చివర్లో పివట్ ఆఫ్ ఎంపైర్ డీఎల్‌సీతో పాటు వచ్చిన అప్‌డేట్ పంటల పరిస్థితుల్ని, కరువుని తెచ్చింది. భారతదేశంలో ఆడేవాళ్లు దానికంటే పాత వెర్షన్‌లో ఆడొద్దు. 2025లో వచ్చిన ప్రపంచ మార్కెట్ మార్పు కూడా అంతే ముఖ్యం. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861–65 మధ్య దక్కను పత్తికి గిరాకీ పెరిగినట్టు, ఒక చోటి కొరత ఇంకో ఖండంలో ధరని కదపడం అప్పటిదాకా సరిగా కుదిరేది కాదు.

ఆటగాడికి ఇచ్చిన అధికారం కూడా నిజానికి దూరమే. కంపెనీగా ఆడుతూ మొదటి పదేళ్లలోనే ఉక్కు మిల్లులు కట్టొచ్చు. చరిత్రలో జంషెడ్‌పూర్ నుంచి ఉక్కు వచ్చింది 1912లో, అదీ భారతీయ పెట్టుబడితో. వలస పాలన కావాలని చేయని పనిని గేము మీ చేత తేలిగ్గా చేయిస్తుంది, వలస పాలన వల్ల ఏం పోయిందో అందులో కనపడకుండా పోతుంది. యుద్ధం ఈ గేములో బలహీనం. సైన్యాల్ని మీరు నడపరు, ఫ్రంట్‌లకి కేటాయిస్తారు. ఫ్రంట్ మధ్యలో చీలితే సైన్యం తప్పు వైపు పోయి, ఖాళీ అయిన వైపు శత్రువు లోపలికి వస్తాడు. యుద్ధానికి ముందే ప్రతి సరిహద్దుకీ ఒక చిన్న సైన్యాన్ని విడిగా పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4

1936 జనవరి నుంచి గానీ, 1939 ఆగస్టు నుంచి గానీ మొదలవుతుంది. ఉత్పత్తి, సరఫరా, డివిజన్ల నిర్మాణం దీని బలం. 2021 తరవాత రైలు మార్గాలు, సరఫరా కేంద్రాల మీద సైన్యం బతుకుతుంది, రష్యాలో రైలు లేని చోటికి ట్యాంకులు పంపితే ఆగిపోతాయి. ఎందుకు ఆగిపోయాయో పటం మీదే కనిపిస్తుంది, ఇది మంచి చరిత్ర పాఠం.

మనిషి సంగతికొస్తే ఈ గేము చాలా పేద. తిండి గింజలు అనే సరుకే లేదు. బియ్యం, పడవలు, ధరలు, ప్రభుత్వ నిర్ణయాలు కలిసి 1943లో బెంగాల్‌లో ఏం చేశాయో యంత్రాంగం లోంచి పుట్టే వీల్లేదు. కరువు రావాలంటే ఎవరో ముందే ఒక సంఘటనగా రాసిపెట్టాలి. హోలోకాస్ట్ గేములో లేదు. జర్మనీగా ఆడేవాళ్లు ఫ్యాక్టరీల్ని, సరిహద్దుల్ని మాత్రమే చూస్తారు. బాధితుల్ని ఆటవస్తువు చేయకూడదన్న కారణం నాకు అర్థమవుతుంది, సరైందే అనిపిస్తుంది. కానీ దానివల్ల నాజీ జర్మనీ మామూలు దేశంలా కనపడే ప్రమాదం కూడా నిజమే. పిల్లలకి ఈ గేము కొనిపెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, ఆ చరిత్రని విడిగా చదివించాలి.

25 లక్షల మందికి పైగా స్వచ్ఛందంగా చేరిన భారతీయ సైన్యం, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద పడిన జపాన్ బాంబులు, ఇవన్నీ ఈ యుద్ధంలో మన వాటా. బ్రిటిష్ రాజ్‌గా ఆడితే సైన్యం సంఖ్యలు కనిపిస్తాయి, ఆ సైనికుల ఊళ్లు కనపడవు. ఆట మొదలుపెట్టేటప్పుడు హిస్టారికల్ ఏఐ ఫోకస్ అనే గడి ఆన్ చేయండి. లేకపోతే జర్మనీలో కైజర్ తిరిగి రావడం, ఫ్రాన్స్‌లో రాచరికం లాంటివి జరిగి, సాధారణంగా 70 రోజులు పట్టే ఒక్కో ఫోకస్‌తో (దేశం ఎంచుకునే లక్ష్యం) దేశాల రాజకీయం తలకిందులవుతుంది. గడి ఆన్ చేసినా మీరు చరిత్ర దారి తప్పితే మిగతా దేశాలు దానికి తగ్గట్టు పెద్దగా మారవు. అది దీనికున్న పరిమితి.

మిగతావి, క్లుప్తంగా

ఇంపరేటర్ రోమ్ క్రీస్తుపూర్వం 304లో, మౌర్య చంద్రగుప్తుడి కాలంలో మొదలవుతుంది. పారడాక్స్ 2021లో దాని మీద పని ఆపేసింది, అభిమానులు చేసిన ఇన్విక్టస్ మాడ్‌తో మాత్రమే ఆడండి. సామ్రాజ్యాలు ఎందుకు కూలతాయో చూపే గేము కావాలంటే ఫీల్డ్ ఆఫ్ గ్లోరీ ఎంపైర్స్ మేలు. అందులో పెరిగేకొద్దీ క్షీణత కూడా పేరుకుంటుంది, సంస్కృతి దాన్ని మించకపోతే రాజ్యం లోపలి నుంచి కుళ్లుతుంది. 1941–45 రష్యా యుద్ధాన్ని వారం వారం, పది మైళ్ల గడుల్లో చూడాలనుకునేవాళ్లకి వార్ ఇన్ ది ఈస్ట్ 2 ఉంది. ఒక క్యాంపెయిన్‌కి నెలలు పడతాయని తెలిసే దిగండి.

ఏ గేమూ తప్పించుకోలేనివి

మూడు లోపాలు దాదాపు అన్నిటిలోనూ ఉన్నాయి. ఆటగాడికి అంతా తెలుసు: అమెరికా ఎక్కడుందో, 1939లో ఏం జరుగుతుందో, పక్క రాజు దగ్గర ఎన్ని వేల సైన్యముందో. ఆటగాడికి చావు లేదు, కాబట్టి నాలుగు వందల ఏళ్లు ఒకే ఆలోచనతో రాజ్యం నడుస్తుంది. పెరగడం తేలిక, కూలడం అరుదు. ఫలితంగా చివరి వందేళ్లలో పటం మీద మూడు నాలుగు రంగులే మిగులుతాయి.

కొన్నాక రిఫండ్ గడువులోనే గేముని పరీక్షించే పద్ధతి ఒకటుంది. ఐరన్‌మ్యాన్ (పాత సేవ్‌కి వెనక్కి పోనివ్వని పద్ధతి) లేకుండా కొత్త ఆట మొదలుపెట్టండి. కన్సోల్ (గేముకి ఆదేశాలు టైపు చేసే పెట్టె) తెరవండి. యూరోపా 4, హార్ట్స్ ఆఫ్ ఐరన్‌లో అది ఎస్కేప్ కింద ఉండే కీతో తెరుచుకుంటుంది. క్రూసేడర్ కింగ్స్ 3, విక్టోరియా 3లలో స్టీమ్ లాంచ్ ఆప్షన్లలో డీబగ్ మోడ్ పెట్టాలి. అక్కడ అబ్జర్వ్ అని ఇంగ్లిషులో టైపు చేస్తే గేము మీరు లేకుండా నడుస్తుంది. అతి వేగంలో వదిలేసి వందేళ్ల తరవాత చూడండి. యూరోపా 4లో అయితే 1565 దగ్గర ఆపి, బహమనీ రాజ్యం ముక్కలైందా, విజయనగరం నిలిచిందా, ఉత్తరాన ఒకే రాజ్యం అంతా మింగేసిందా చూడండి. ఒకసారి వేరేలా జరిగితే తప్పు లేదు. మూడుసార్లు నడిపినా మూడుసార్లూ ఒకే అసాధ్యం జరిగితే ఆ యంత్రాంగంలో లోపముందని లెక్క.

లోపాన్ని తగ్గించడానికి మీకు మీరే పెట్టుకునే నియమాలు బాగా పనిచేస్తాయి. ఐరన్‌మ్యాన్ పెట్టుకుంటే ఓడిన యుద్ధాన్ని వెనక్కి లోడ్ చేయలేరు. యూరోపాలో ఒక రాజు కాలంలో ఒక పొరుగు రాజ్యం మీదే యుద్ధం చేయండి, పసివాడు గద్దె ఎక్కితే అతను పెద్దవాడయ్యేదాకా దాడులు మానండి. క్రూసేడర్ కింగ్స్‌లో గేమ్ రూల్స్‌లో, రాజ్యానికి ఆనుకోని విడి ముక్కలు స్వతంత్రమయ్యే నియమాన్ని ఆన్ చేయండి, అప్పుడు దూరపు వారసత్వాలు పటాన్ని చిత్రంగా మార్చవు. రాజు పిరికివాడైతే పిరికిగానే ఆడండి. విక్టోరియాలో కంపెనీగా ఆడుతుంటే 1857 దాకా భారీ పరిశ్రమ కట్టకండి.

ఇక ఎంపిక. రాజుల కథలు, ఇంటి తగువులు, శాసనాల్లోని పేర్లు మీకిష్టమైతే క్రూసేడర్ కింగ్స్ 3 తీసుకుని 1178లో ఓరుగల్లుతో మొదలుపెట్టండి. రాజ్యం ఎలా నిలుస్తుంది, దూరం ఎలా ఓడిస్తుంది అన్నది తెలుసుకోవాలంటే, కంప్యూటర్ బలముంటే, యూరోపా 5. బలం లేకపోతే యూరోపా 4, వాణిజ్య బాణాల్ని నమ్మకుండా. రైతు, కూలీ, ధర, చట్టం మీ ప్రశ్నలైతే విక్టోరియా 3. సరఫరా, ఉత్పత్తి మీద ఆసక్తి ఉంటే హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4, పక్కన ఒక మంచి చరిత్ర పుస్తకంతో. దేన్నైనా ముందు మూల గేము మాత్రమే కొనండి. మీరు ఆడే ప్రాంతాన్ని తాకే ఒక్క డీఎల్‌సీని, అదీ తగ్గింపు ధరకి వచ్చినప్పుడు, తరవాత చేర్చుకోండి.